సరళీకరణలో ఉన్న కారు

మానవజాతి చక్రాన్ని కనిపెట్టి వేల ఏళ్లయినా, కనిపెట్టిన చక్రం తిరగకుండా చూసుకునే సంస్థ లేని లోటు మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది. ఆ లోటుని పాత కార్ల సరళ సంరక్షణ సంఘం తీర్చింది. 'పాత కారుని సింపుల్‌గా ఉంచుకుందాం, ఎక్కువగా ఆలోచించొద్దు' అన్నది సంఘం ఆశయం. ఆ ఒక్క వాక్యాన్ని ఖరారు చెయ్యడానికి సంఘం చాలా ఎక్కువగా ఆలోచించింది. (మధ్యలో కామా ఉండాలా అక్కర్లేదా అన్నది ఇప్పటికీ ఉపసంఘం పరిశీలనలోనే ఉంది. అందుకే హాల్లో కట్టిన కాన్వాసు బ్యానరు మీద ఆ చోట మూరెడు ఖాళీ వదిలారు.)

ఈ సంఘంలో అల్లుడుగారు ఎందుకు చేరారో, చేరి ఏం బావుకున్నారో తెలియాలంటే ముందు కారు సంగతి తెలియాలి. కారణం లేని కార్యం ఉండొచ్చు గానీ కారు లేని కారణం ఈ కథలో లేదు.

అల్లుడుగారు బీమా ఆఫీసులో సెక్షన్ హెడ్డు. జరిగిన ప్రమాదాల ఫైళ్లు చూసీ చూసీ, జరగని ప్రమాదాలు కూడా కళ్లకి కనపడే దశకి చేరుకున్న మనిషి. మామగారు పోతూ పోతూ ఇల్లు కొడుక్కీ, కారు అల్లుడికీ, రెండింటి మీదా అజమాయిషీ భార్యకీ వదిలి వెళ్లారు. ఆ అజమాయిషీ దగ్గరుండి చెయ్యడానికి అత్తగారు కారుతో పాటు కూతురింటికి వచ్చేశారు. ఆయన బతికున్న రోజుల్లో ఆ కారు బాగుచేయడానికి ఉన్న పనిముట్లు ఒక స్క్రూడ్రైవరు, ఒక వైరు ముక్క, ఒక తిట్టు. వాటిలో తిట్టు ఎక్కువ పనిచేసేది. ఒకసారి స్టార్టరు బటను విరిగిపోయి, దానికి తగింది ఎక్కడా దొరక్కపోతే, ఆయన ఇంటి గుమ్మానికున్న కాలింగ్ బెల్లు స్విచ్చి పీకి తెచ్చి డాష్‌బోర్డు మీద బిగించేశారు. ఆ రోజు నుంచీ బెల్లు నొక్కితే ఇంజను ఎవరో వచ్చినట్టు ఉలిక్కిపడి లేచేది. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టుకునేవారు.

ఆ కారుకి జీవితంలో ఒకటే ఉద్యోగం. అత్తగారి అక్కగారిని, అంటే ఇంటిల్లిపాదీ పెద్దమ్మగారు అని పిలిచే మనిషిని, ఆదివారం సాయంత్రం నది వంతెన దాకా తీసుకెళ్లి తీసుకురావడం. పెద్దమ్మగారికి తుంటి ఎముక విరిగింది. అతుక్కుంది కూడా, కాకపోతే ఎవరి మాటా వినకుండా దాని ఇష్టమొచ్చినట్టు అతుక్కుంది. అప్పట్నుంచీ ఆవిడ కొత్త కార్లలో పట్టరు. కొత్త కారు ఎక్కాలంటే మనిషిని దుప్పటి మడతపెట్టినట్టు మడతపెట్టాలి, ఆటో ఎక్కాలంటే మంచె ఎక్కినట్టు ఎక్కాలి. ఈ పాత కారు ముందు సీటు మాత్రం కుర్చీ ఎత్తు, తలుపు బీరువా తలుపంత వెడల్పు. ఆవిడ వీపు చూపించి కూచుని, కాళ్లు రెండూ లోపలికి తిప్పుకుంటే ప్రయాణం సిద్ధం. వారమంతా ఆవిడకి కనపడేది కిటికీ, కిటికీకి అవతల ఎదురింటి వాళ్ల గోడ. ఆదివారం ఒక్కరోజు నీళ్లు కనపడేవి. అక్కాచెల్లెళ్లిద్దరూ వంతెన పక్కన కారు ఆపించుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, తెలిసిన వాళ్లందరినీ ఒలిచేవారు.

ఇలా ఉండగా ఒక చలి ఉదయం, సాయంత్రం ప్రయాణానికి ముందే సరిచూద్దామని అల్లుడుగారు బెల్లు నొక్కితే ఇంజను పలకలేదు. రెండోసారి నొక్కారు, పలికింది. మామూలు మనిషైతే అక్కడితో మర్చిపోయేవాడు. అల్లుడుగారు మాత్రం ఇంజను ఆపేసి, మొదటి నొక్కుకి ఎందుకు పలకలేదో ఆలోచిస్తూ ఉండిపోయారు.

సంగతి విని అత్తగారు పేపరు మీంచి తలెత్తకుండానే, "ఎవరింటికెళ్లినా మొదటి బెల్లుకే తలుపు తీస్తున్నారా అల్లుడుగారూ? దాని వయసుకి అది రెండో బెల్లుకి తీస్తోంది. సంతోషించండి" అన్నారు.

అల్లుడుగారు సంతోషించలేదు. సంఘంలో చేరారు.

చేరిన మొదటి రోజే ఆయన ఘోరమైన తప్పు చేశారు. సంఘం సమావేశానికి కారులో వెళ్లారు. హాలు ఆవరణంతా ఖాళీ. సభ్యులందరూ బస్సుల్లోనూ, స్కూటర్ల మీదా, కొడుకుల వెనకాలా వచ్చి ఉన్నారు. కారు చప్పుడు వినపడేసరికి లోపలున్న వాళ్లంతా వరండాలోకి వచ్చి, చావింటికి బాజాలతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. అధ్యక్షులవారు మెట్లు దిగి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"మీ కారు నడుస్తోందా?"

"నడుస్తోందండీ."

"అయ్యో పాపం. అంటే ఇంకా ఏమీ మొదలుపెట్టలేదన్నమాట."

అల్లుడుగారికి సిగ్గేసింది. అక్కడ పరువున్న వాళ్లెవరూ సొంత కారులో రారు. అధ్యక్షులవారి కారు చాలా ఏళ్లుగా ఇటుకల మీద నిలబడి ఉంది. ఆయన ఇల్లు కూడా ఇటుకల మీదే నిలబడింది గానీ, రెండిట్లో ఇల్లే ముందు కదిలేలా ఉందని చుట్టుపక్కల వాళ్ల అంచనా. కోశాధికారిగారిది హాట్ రాడ్. అంటే పాత కారుకి బానెట్టు పీకేసి, దాని ఒంటికి మించిన ఇంజను అందులో కుక్కి, ఆ ఇంజను నలుగురికీ కనపడేలా వదిలేసిన బండి. ఎండలో నిలబెట్టినప్పుడు తప్ప అది హాట్ అయిన దాఖలా లేదు. వెనక చక్రాలు పెద్దవి వెయ్యాలా మరీ పెద్దవి వెయ్యాలా అన్నది తేలక ప్రస్తుతం అసలు వెయ్యలేదు కాబట్టి, చివరికి మిగిలింది రాడ్డే. ఇక కార్యదర్శి. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ వస్తువు చూసినా "ఒరిజినలేనా?" అని అడుగుతారు కాబట్టి ఒరిజినల్‌గారు అంటారు. (సొంత పెళ్లిలో మామగారిని కూడా ఇదే ప్రశ్న అడిగారని చెప్పుకుంటారు.)

ఒరిజినల్‌గారు కారులోకి తొంగి చూసి, బెల్లు స్విచ్చి చూసి, పాముని చూసినట్టు తల వెనక్కి లాక్కున్నారు.

"ఇదేమిటి?"

"బెల్లండీ."

"ఏ కంపెనీ కారుకి ఇది ఇచ్చారు?"

"కారుది కాదండీ, ఇంటిది."

ఒరిజినల్‌గారికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. తేరుకున్నాక ఆయన నియమం వివరించారు. పాత కారన్నది రెండే రకాలుగా ఉండాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగైనా ఉండాలి, లేదా ఫ్యాక్టరీ వాళ్లకి కలలో కూడా రానట్టుగానైనా ఉండాలి. ఈ కారు ఆ రెంటికీ చెడింది. "ఇది కేవలం నడుస్తోంది. కేవలం నడవడం అనే కేటగిరీ మన సంఘంలో లేదండీ" అని ఆయన బాధగా అన్నారు.

ఆ సాయంత్రమే కారుని సరళీకరణ ఉపసంఘానికి నివేదించారు.

సరళీకరణ అంటే కష్టమైనదేమీ కాదు. రెండోసారి నొక్కాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే వైరు చూడాలి. వైరు చూడాలంటే డాష్‌బోర్డు విప్పాలి. డాష్‌బోర్డు విప్పితే దాని వెనక వైర్లన్నీ జన్మవైరం ఉన్నట్టు పెనవేసుకుని కనపడ్డాయి కాబట్టి అన్నిటినీ పీకాలి. పీకిన వైర్లు ఇంజనులోకి పోతున్నాయి కాబట్టి ఇంజను దింపాలి. దింపాక ఇంజను ఉన్న చోట తుప్పు కనపడింది కాబట్టి ఆ తుప్పు ఎక్కడిదాకా పోయిందో తేలేవరకూ మిగతావి ఉంచడం బాధ్యతారాహిత్యం. ఒక్కొక్క మెట్టూ చూస్తే ఎంత సబబుగా ఉందంటే, గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎప్పుడొచ్చామో ఎవరికీ గుర్తులేదు.

ఈ పనికి సంఘం ఒక యాప్ కూడా తయారు చేయించింది. దాని పేరు 'సులువు'. విప్పిన ప్రతి నట్టునీ అందులో ఫొటో తీసి ఎక్కించాలి. ఫొటో మసకగా వస్తే యాప్ ఒప్పుకోదు. ఆ నట్టుని మళ్లీ బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ తియ్యాలి. (బిగించేటప్పుడు ఫొటో తియ్యక్కర్లేదు. ఆ దశ దాకా ఇంతవరకూ ఎవరూ రాలేదు కాబట్టి యాప్‌లో దానికి చోటు పెట్టలేదు.) నట్టింట్లో నట్లు, బోల్తా పడిన డబ్బాల్లో బోల్టులు. పార్టులు విప్పడం అయిపోయి పాట్లు మొదలయ్యాయి. అల్లుడుగారి భార్య పంచదార డబ్బా మూత తీస్తే అందులో స్పార్కు ప్లగ్గులు నిద్రపోతున్నాయి. తేమ తగలకుండా అక్కడ పెట్టానని ఆయన చెప్పారు. మరి పంచదార ఎక్కడ పెట్టారని ఆవిడ అడిగితే, అది యాప్‌లో ఎక్కించలేదన్నారు.

ఇంజను మాత్రం కోశాధికారిగారి షెడ్డుకి వెళ్లింది. దాన్ని ఊరికే కడుగుదామన్నారు. కడిగాక దాని మీద సభ్యులకి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. పాతదే బాగుచెయ్యాలని సగం మంది, దానికి కంప్యూటరు తగిలించాలని సగం మంది. కంప్యూటరు వర్గం ఊరుకోకుండా ముందే సొంత బ్యాటరీ ఉన్న ఒక చిన్న పెట్టె తెచ్చి, డాష్‌బోర్డు చోట వేలాడుతున్న బెల్లు స్విచ్చికి కలిపేసి వెళ్లింది. ఇప్పుడు బెల్లు నొక్కితే లోపల్నుంచి ఒక ఆడగొంతు, "మీ అభ్యర్థన నమోదైంది" అంటుంది. మొదటి నొక్కుకే అంటుంది. అసలు సమస్య తీరిపోయిందని అల్లుడుగారు సంఘానికి రాసి పంపారు. కారు కూత వినపడని ఆ ఇంట్లో ఇక వినపడుతున్నవి అత్తగారి కారుకూతలే.

ఆదివారాలు మాత్రం సంఘం పరిశీలనకి ఆగకుండా వచ్చి పోతున్నాయి. పెద్దమ్మగారు ప్రతి ఆదివారం మధ్యాహ్నమే తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని వీధి గుమ్మంలో కూచునేవారు. వీధిలో ఏ బండి చప్పుడైనా మెడ చాచి చూసేవారు. పొద్దువాలాక సంచిలో వేరుశెనక్కాయలు తిరిగి డబ్బాలో పోసేసేవారు. ఈ మాట ఫోనులో చెల్లెలికి చెప్పింది ఆవిడ కాదు, ఆవిడ కోడలు. విన్నాక అత్తగారు అల్లుడితో రెండు రోజులు మాట్లాడలేదు. అది ఆయన గమనించలేదు. గమనించాక, పాపం మంచి మనిషే కాబట్టి, ఆటో ఎక్కి పెద్దమ్మగారింటికి వెళ్లి, కాగితం మీద బొమ్మ గీసి మరీ పరిస్థితి వివరించారు.

ఆవిడ బొమ్మ అంతా శ్రద్ధగా చూసి, "అబ్బాయ్, అది నడిచేదే కదా?" అని అడిగారు.

"నడిచేదే పెద్దమ్మగారూ. కానీ ఆ నడవడం వెనక చాలా సమస్యలున్నాయండీ."

"నా నడక వెనకా ఉన్నాయి. నన్నెవరూ విప్పలేదుగా నాయనా."

అల్లుడుగారు ఆ మాటని కూడా సంఘం దృష్టికి తీసుకెళ్లారు. పెద్దవారు ఉత్సాహంగా ఉన్నందుకు సంఘం హర్షం ప్రకటించింది.

ఇంతలో వార్షికోత్సవం వచ్చింది. ఏటా ఒక కారుకి 'పరమ సరళ వాహనం' బిరుదు ఇస్తారు. చిక్కులెన్ని ఉంటే అన్ని మార్కులు తగ్గుతాయి. లెక్క చూస్తే మిగతా కార్లలో ఏదో ఒక చిక్కు ఉంది. ఒకదానికి ట్యాంకు కారుతోంది, ఒకదానికి గేరు పడదు. అల్లుడుగారి కారుకి ట్యాంకు లేదు కాబట్టి కారదు, గేర్లు లేవు కాబట్టి పడకపోవడమనే ప్రశ్నే లేదు, ఇంజను లేదు కాబట్టి ఎప్పుడు చెడిపోతుందో అన్న బెంగ లేదు. చెడిపోవడానికి అందులో ఏమీ మిగల్లేదు. నూటికి నూరు మార్కులూ ఇచ్చి, కారుని ఆదివారం సాయంత్రం హాలు ఆవరణలో ప్రదర్శనకి పెట్టమన్నారు.

తీసుకెళ్లడం ఎలా అన్నది అల్లుడుగారు చాలా ఆలోచించారు. కిందివాటాలో ఉండే కూరగాయల వ్యాను ఆసామి ఆలోచించలేదు. వ్యాను వెనక కొక్కేనికి తాడు కట్టి, రెండో కొస కారు ముందు కట్టి, రెండు ముళ్లేసి, పదండన్నాడు. అత్తగారు వరండాలోంచి ఇదంతా చూస్తున్నారు. చూసి, కిందికి దిగి వచ్చారు.

"ముందు సీటు ఉందా?"

"ఉందండీ. సీటు సరళంగానే ఉందని కమిటీ వదిలేసింది."

"బ్రేకు?"

"ఉందండీ."

"తలుపు తెరుచుకుంటుందా?"

"తెరుచుకుంటుందండీ."

"అయితే అక్కయ్యింటి మీదుగా పోనివ్వండి" అని ఆవిడ వెనక సీట్లో ఎక్కి కూచున్నారు.

పెద్దమ్మగారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు, సంచితో సహా. అలవాటు ప్రకారం వీపు చూపించి కూచుని, కాళ్లు లోపలికి తిప్పుకున్నారు. తాడు బిగిసింది. కారు కదిలింది. చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. రెండు వీధులు దాటాక ఆవిడ సీటు మీద చెయ్యి నిమిరి, "ఇదివరకటికంటే మెత్తగా పోతోందే. ఇంజను తీయించి మంచి పని చేశావు అబ్బాయ్" అన్నారు. అది మెచ్చుకోలో కాదో అల్లుడుగారికి తేలలేదు. వెనక సీట్లో అత్తగారు నవ్వారు కాబట్టి కాదని తేల్చుకున్నారు.

వంతెన దగ్గర వ్యాను ఆగింది. నీళ్ల మీద ఎండ వాలి ఉంది. అక్కాచెల్లెళ్లు ముందు వేరుశెనక్కాయలు ఒలిచారు, తర్వాత బంధువులని, ఆ తర్వాత ఇన్ని ఆదివారాల బాకీ కింద సంఘాన్ని. వ్యాను ఆసామి కూడా వచ్చి తలుపుకి ఆనుకుని, తనకి తెలిసిన నలుగురిని ఆ తిట్లలో కలిపాడు. అల్లుడుగారు స్టీరింగు పట్టుకుని నీళ్ల వంక చూస్తూ కూచున్నారు. ఆ కాసేపూ ఆయన దేని గురించీ ఆలోచించలేదు. అలవాటు లేని పని కావడంతో మెడ పట్టేసింది.

హాలుకి చేరేసరికి ఆలస్యమైంది. అధ్యక్షులవారు పూలదండతో ఎదురొచ్చి, ఇంజను లేని కారుని ఎలా తెచ్చారని అడిగారు. తాడుతోనని అల్లుడుగారు చెప్పారు.

ఒరిజినల్‌గారు వంగి తాడుని రెండు వేళ్లతో ముట్టుకున్నారు. పెట్రోలు తాగదు. వైర్లు లేవు. వేడెక్కదు. మొదటి లాగుకే బయల్దేరుతుంది. సంఘం పుట్టినప్పట్నుంచీ వెతుకుతున్న సరళమైన ఇంజను ఇదేనని అధ్యక్షులవారు గద్గదంగా ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అక్కడితో ఊరుకుంటే అది సంఘం ఎందుకవుతుంది? ఒరిజినల్‌గారికి సందేహం వచ్చింది.

"ముళ్లు రెండున్నాయేం?"

"ఒకటేస్తే ఊడుతుందండీ" అన్నాడు వ్యాను ఆసామి.

"ఒకటేస్తే ఎందుకు ఊడుతోంది?"

అల్లుడుగారు ముందుకొచ్చారు. వంతెన దగ్గర పట్టిన మెడ అప్పటికి వదిలింది. మొదటి ముడి సరిపోకపోవడం చిన్న విషయం కాదనీ, లోపం పీచులోనే ఉండి ఉండొచ్చనీ, ఈ దశలో నిర్లక్ష్యం చేస్తే రేపు మూడో ముడి అవసరం పడుతుందనీ ఆయన అన్నారు. సభ ముక్తకంఠంతో ఆయన్ని తాడు ఉపసంఘానికి కన్వీనర్ని చేసింది. తాడు విప్పి హాల్లోకి తీసుకెళ్లి, బల్ల మీద పరిచి, పురులు విడదీసి, ఒక్కొక్క పీచునీ ఫొటో తియ్యడం మొదలుపెట్టారు.

కారులో పెద్దమ్మగారు ఉన్నారన్న సంగతి ఎజెండాలో లేదు.

చాలాసేపు చూసి అత్తగారు హాల్లోకి వచ్చారు. బల్ల మీద కొబ్బరిపీచు కుప్పలా పడి ఉన్న తాడుని చూశారు. దాని మీద వంగిన అల్లుణ్ణి చూశారు.

"అక్కయ్య ఇంటికెళ్లాలి అల్లుడుగారూ. కాళ్లు లాగుతున్నాయట."

"ఒక్క పావుగంట అత్తయ్యగారూ. చివరి పురిలో ఉన్నాం."

అధ్యక్షులవారు కల్పించుకుని, ఆవిడని కంగారు పడొద్దని చెప్పండి, ఎక్కువగా ఆలోచించొద్దనండి అన్నారు.

అత్తగారు ఆయన మొహం చూసి, ఆయన తల వెనక గోడ చూసి, కుర్చీ జరుపుకుని ఎక్కారు. గోడ ఆ చివర్నుంచి ఈ చివరికి కట్టిన సంఘం ఆశయాన్ని రెండు మేకుల నుంచీ ఊడబీకి, దులిపి, మెలిపెట్టి చంకన పెట్టుకుని బయటికి నడిచారు. అడ్డుకోవడానికి తీర్మానం కావాలి, తీర్మానానికి కోరం కావాలి, కోరం అంతా బల్ల చుట్టూ పీచుల మీద ఉంది. మంచి గట్టి కాన్వాసు గుడ్డ. వ్యాను ఆసామి ఒక కొస వ్యానుకీ, రెండో కొస కారుకీ కట్టాడు. పొడుగెక్కువైందని మధ్యలో కూడా ఒక ముడేశాడు. ఆ ముడి సరిగ్గా కామా కోసం వదిలిన ఖాళీలో పడింది. అత్తగారు ఈసారి ముందుకొచ్చి స్టీరింగు పట్టుకున్నారు. ఆనవాయితీ కొద్దీ బెల్లు కూడా నొక్కారు. అభ్యర్థన నమోదైంది. కారు వెళ్లిపోయింది.

మర్నాడు అల్లుడుగారికి సంఘం నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. అందులో బ్యానరు పోయిన ప్రస్తావన చివర్లో ఉంది. మొదటి ప్రశ్న, మధ్యలో ముడి ఎవరి అనుమతితో వేశారని.

బ్యానరు ఇప్పుడు అత్తగారి దగ్గర ఉంది. ఉతికి ఆరేసి, ఆదివారం ఆదివారం వాడుతున్నారు. తాడు ఇంకా ఉపసంఘం దగ్గర, ఇంజను ఇంకా షెడ్డులో ఉన్నాయి. గోడ మీద ఆశయం లేకపోయినా సంఘం మాత్రం ఏ లోటూ లేకుండా నడుస్తోంది. సభ్యుల దగ్గర నడుస్తున్నది అదొక్కటే.